టొయోటా ఓడిన ఒకే ఒక్క రేసు

2023 ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్ కార్ల పోటీల్లో ఏడు రేసులు జరిగితే ఆరు టొయోటాయే గెలిచింది. మిగిలిన ఆ ఒక్కటీ ఫ్రాన్స్‌లోని లే మాన్స్ 24 గంటల రేసు, నేను వెళ్ళింది దానికే. కముయి కొబయాషి నడిపే ఏడో నంబరు టొయోటా అంటే నాకు ప్రాణం, కాబట్టి ఇది ఒక అభిమాని రాసుకున్న డైరీ అనుకుని చదవండి.

ఈ రేసులు ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. ఫార్ములా వన్ గంటన్నరలో తేలిపోతుంది. ఇక్కడ మామూలు రేసే ఆరు గంటలు, లే మాన్స్ అయితే శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆదివారం సాయంత్రం నాలుగు దాకా. ఒక్కో కారుకు ముగ్గురు డ్రైవర్లు, వంతులేసుకుని నడుపుతారు. ఏ ఒక్కరూ ఆరు గంటల్లో 4 గంటలకు మించి, మొత్తం మీద 14 గంటలకు మించి స్టీరింగ్ పట్టుకోకూడదని రూలు. పైగా ఒకే ట్రాక్ మీద మూడు తరగతుల కార్లు కలిసి తిరుగుతాయి: అన్నిటికంటే వేగంగా పోయే హైపర్‌కార్లు, వాటి తరవాత రేసు కోసమే కట్టిన ఎల్ఎంపీ2లు, ఆ తరవాత రోడ్డు మీద కనిపించే పోర్షే, ఫెరారీ, కార్వెట్‌లనే రేసు కోసం మార్చిన జీటీలు. అంటే ముందున్నవాడు పక్కవాడితో పోటీ పడుతూనే రాత్రంతా నెమ్మది కార్లను దాటుకుంటూ పోవాలి. రేసులు ఎక్కువగా పోయేది అక్కడే.

మేం వెళ్ళేసరికి సీజన్లో మూడు రేసులు అయిపోయాయి. మార్చిలో అమెరికాలోని సీబ్రింగ్‌లో ఫెరారీ పోల్, అంటే అందరికంటే ముందు నుంచి రేసు మొదలుపెట్టే స్థానం, కొట్టింది. వాళ్ళు కంపెనీ టీముగా పై తరగతిలో చివరిసారి దిగింది 1973లో, యాభై ఏళ్ళ తరవాత 499పీ అనే కొత్త కారుతో వచ్చి మొదటి రేసులోనే పోల్ అంటే మాటలా. రేసు మాత్రం టొయోటా వాళ్ళు మొదటి రెండు స్థానాలూ పట్టుకుపోయారు. ఏప్రిల్లో పోర్చుగల్‌లోని పోర్టిమావో, బెల్జియంలోని స్పా, అవీ టొయోటావే. ఆ ఏడాది టైర్లను ముందుగా వేడిచేసుకోవడం నిషేధించారు, దాంతో స్పాలో చల్లటి టైర్లతో పిట్ (పెట్రోలుకు, టైర్లకు ఆగే చోటు) నుంచి బయటికొచ్చిన ఆంటోనియో ఫుఓకో ఫెరారీ జారిపోయి గోడకి కొట్టుకుంది. అలాంటివి ఒకటికి రెండు జరిగాక లే మాన్స్ ఒక్కదానికి ఆ నిషేధం ఎత్తేశారు, మంచి పని చేశారు.

నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. కార్ల మధ్య మరీ తేడా లేకుండా నిర్వాహకులు బరువులు, పవర్ సర్దుతారు, దీన్ని బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ అంటారు. లే మాన్స్‌కు సరిగ్గా కొద్ది రోజుల ముందు ఆ లెక్క మార్చేసి టొయోటా మీద 37 కిలోలు, ఫెరారీ మీద 24, కాడిలాక్ మీద 11, పోర్షే మీద 3 కిలోలు పెంచారు. అంత పెద్ద రేసు ముంగిట్లో పెట్టుకుని అప్పుడు మార్చడం న్యాయం కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అనుకుంటున్నాను.

బుధవారం, జూన్ 7

పారిస్ మోంపార్నాస్ స్టేషన్లో టీజీవీ ఎక్కితే గంటలో లే మాన్స్. అక్కణ్ణుంచి ట్రామ్ ఎక్కి చివరి స్టాప్ దాకా కూర్చుంటే చాలు, సర్క్యూట్ గేటు దగ్గరే దిగుతాం. నాతో పాటు పారిస్‌లో చదువుకుంటున్న మా పిన్నిగారబ్బాయి వచ్చాడు, వాడికి రేసులంటే పెద్దగా తెలీదు, నేను పోరితే వచ్చాడు. ఊళ్ళో హోటళ్ళు ఎప్పుడో నిండిపోయాయి కాబట్టి సర్క్యూట్ చుట్టూ ఉండే మైదానాల్లో ఒక చోట టెంట్ వేసుకున్నాం. చుట్టుపక్కల సగం మంది ఇంగ్లండ్ నుంచి సొంత కార్లలో వచ్చినవాళ్ళే, కొందరు వాళ్ళ నాన్నలతో చిన్నప్పట్నుంచీ వస్తున్నారట. పక్క టెంట్ పెద్దాయన మమ్మల్ని చూడగానే అడిగిన మొదటి ప్రశ్న రేడియో ఉందా అని. 91.2 ఎఫ్ఎంలో రేడియో లే మాన్స్ ఇంగ్లిష్ కామెంటరీ వస్తుంది, అది లేకపోతే ఈ రేసు సగమే అర్థమవుతుందని చెప్పి తన దగ్గర అదనంగా ఉన్న చిన్న రేడియో ఇచ్చేశాడు. ఆ సాయం మర్చిపోలేను.

మధ్యాహ్నం ప్రాక్టీస్ మొదలైంది. మొదట చెవులకు తెలిసేది శబ్దాల తేడా. టొయోటా, ఫెరారీలవి టర్బో వీ6 ఇంజన్లు, సన్నగా గీసినట్టు పోతాయి. కాడిలాక్‌ది 5.5 లీటర్ల వీ8, అది గుండెల్లో మోగుతుంది. వీటన్నిటికీ బాబులాంటిది అమెరికాలో జరిగే నాస్కార్ రేసుల నుంచి ప్రత్యేక అతిథిగా వచ్చిన షెవ్రొలే కామరో, పోటీలో లెక్కలోకి రాదు కానీ అది వస్తుంటే కిలోమీటరు ముందే తెలిసిపోతుంది, పిల్లలు కంచె దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. జిమ్మీ జాన్సన్, జెన్సన్ బటన్, మైక్ రాకెన్‌ఫెల్లర్ నడిపారు దాన్ని.

సాయంత్రం ఏడింటికి క్వాలిఫయింగ్, అంటే ఎవరు ఏ వరసలో మొదలుపెట్టాలో తేల్చే పోటీ, అందులోనూ ఫెరారీ ఎర్ర కార్లే ముందు. రాత్రి పన్నెండు దాకా చీకట్లో ప్రాక్టీస్ నడిచింది, మేం పదకొండుకే పడుకున్నాం గానీ ఆ కామరో పడుకోనివ్వలేదు.

గురువారం, జూన్ 8

పొద్దున మ్యూజియం. మొదటి రేసు 1923 మే నెలలో జరిగింది, అంటే ఈసారి వందేళ్ళ పండగ. ఆ సందర్భంగా ఇన్నేళ్ళలో గెలిచిన కార్లలో చాలావాటిని ఒక్క చోటికి తెచ్చి పెట్టారు. మొదటి ఏడాది లగాష్, లెయొనార్ అనే ఇద్దరు షెనార్ వాకర్ కారులో 2,209 కిలోమీటర్లు తిరిగారు, మట్టి రోడ్ల మీద, వానలో. ఇప్పుడు అదే 24 గంటల్లో దానికి రెండింతలు పైనే తిరుగుతున్నారు.

టొయోటా కార్ల దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. 2016లో ఏం జరిగిందో మా వాడికి చెప్పాను. చివరి నిమిషాల దాకా ముందుండి, ఇంకొక్క రౌండు తిరిగితే గెలుపు అనగా టొయోటా డ్రైవర్ నకజిమా కారు పవర్ పోయి మెయిన్ స్టాండ్ ఎదురుగానే ఆగిపోయింది. పోర్షే గెలిచింది. ఆ రోజు టీవీ ముందు కూర్చుని ఏడ్చినంత పని చేశాను, టొయోటా మనిషిని అయిపోయింది అప్పట్నుంచే. తరవాత 2018 నుంచి 2022 దాకా వరసగా ఐదుసార్లు గెలిచారు, కానీ అప్పుడు పెద్ద కంపెనీలు ఎదురుగా లేవని కొందరు తీసిపారేసేవాళ్ళు. ఈసారి ఫెరారీ, పోర్షే, కాడిలాక్, పెజో అందరూ వచ్చారు. ఆ మాటకు సమాధానం చెప్పే అవకాశం ఇదేనని నా ఆశ.

మధ్యాహ్నం ఎండలో టెర్త్ రూజ్ మలుపు దాకా నడిచాం. అక్కడ సర్క్యూట్ అయిపోయి మామూలు రోడ్డు మొదలవుతుంది. ఈ ట్రాక్ 13.626 కిలోమీటర్లు, అందులో పెద్ద భాగం మిగతా ఏడాదంతా లారీలు, బస్సులు తిరిగే పబ్లిక్ రోడ్డే. యునొడియేర్ అనే తిన్నటి దారి ఆరు కిలోమీటర్లు ఉంటుంది, పక్కన ఇళ్ళు, హోటళ్ళు, తెల్ల గీతలు అన్నీ ఉన్నాయి. 1988లో ఒక కారు ఇక్కడ గంటకు 405 కిలోమీటర్లు అందుకుంది. 1990 నుంచి మధ్యలో రెండు చోట్ల మెలికలు పెట్టి వేగం తగ్గించారు. మా వాడు అడిగాడు, "అన్నా, రేపు సోమవారం ఇదే రోడ్డు మీద జనం ఆఫీసులకి పోతారా?" అని. పోతారు మరి.

రాత్రి ఎనిమిదింటికి హైపర్‌పోల్, అంటే క్వాలిఫయింగ్‌లో ముందున్న కార్లకు అరగంట పోటీ. ఫుఓకో 3 నిమిషాల 22.982 సెకన్లు చేశాడు, పక్కన రెండో ఫెరారీ, మూడో చోట బుయెమి వాళ్ళ ఎనిమిదో నంబరు టొయోటా. మా వెనక ఇటలీ కుర్రాళ్ళు పాడుతూనే ఉన్నారు. స్పాలో గోడకి కొట్టిన మనిషే ఇక్కడ పోల్ కొట్టాడంటే ఒప్పుకుని తీరాలి.

శుక్రవారం, జూన్ 9

ఈ రోజు ట్రాక్ మీద కార్లుండవు. పొద్దున పిట్ లేన్‌లోకి జనాన్ని వదిలారు. గ్యారేజీల ముందు తాడు కట్టి ఉంటుంది, తాడు అవతల రెండు మీటర్ల దూరంలో మెకానిక్కులు పని చేసుకుంటూ ఉంటారు. టొయోటా గ్యారేజీ దగ్గర ఒకతను అదే చక్రాన్ని బిగించడం, విప్పడం, బిగించడం, విప్పడం, పక్కన ఇంకొకతను స్టాప్‌వాచ్‌తో. మేం చూసినంతసేపూ అదే పని, తల కూడా ఎత్తలేదు. అతని చేతి గ్లవ్ బొటనవేలు దగ్గర అరిగిపోయి ఉంది. టీవీలో పిట్ స్టాప్ కొన్ని సెకన్ల వ్యవహారం, దాని వెనక ఎంత ఉందో దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తుంది. పోసే పెట్రోలు కూడా మామూలుది కాదు, ఫ్రాన్స్‌లో వైన్ తయారీలో మిగిలిపోయిన వ్యర్థాలతో చేసిన ఇంధనం. మా వాడికి రేసు కంటే ముందు నచ్చింది ఆ సంగతే.

సాయంత్రం ఊళ్ళో డ్రైవర్ల ఊరేగింపు. పాత కార్ల మీద ముగ్గురు ముగ్గురు కూర్చుని వస్తారు, దారి పొడవునా జనం. మన హైదరాబాద్ వాళ్ళు గుర్తుపట్టే మొహం ఒకటి వచ్చింది, జాన్ ఎరిక్ వెర్న్. అదే ఏడాది ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన, సెక్రటేరియట్ చుట్టూ జరిగిన ఫార్ములా-ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు గెలిచింది అతనే. ఇక్కడ పెజో 93వ నంబరు కారు. ఆ రోజు హైదరాబాద్‌లో మూడో స్థానంలో వచ్చిన ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టా ఇక్కడ పసుపురంగు జోటా పోర్షేలో ఒకడు, బుయెమి కూడా ఆ రేసులో నడిపినవాడే. మా వాడు గొంతు చించుకుని "హైదరాబాద్!" అని అరిచాడు. డప్పుల గోలలో వెర్న్‌కు వినిపించే అవకాశం లేదు కానీ నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. ఆ రేసు మరుసటి ఏడాదికే రద్దయిపోవడం ఇప్పటికీ బాధే.

మనవాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 2009లో నారాయణ్ కార్తికేయన్ ఆడి కారులో ఇక్కడికి వచ్చి, రేసు మొదలయ్యే ముందే భుజం జారి నడపలేకపోయాడు. 2012లో కరుణ్ చందోక్ నడిపి ఆరో స్థానంలో ముగించాడు, ఇక్కడ రేసు చేసిన మొదటి భారతీయుడు అతనే. ఈ సంగతి మన దగ్గర ఎంతమందికి తెలుసు?

శనివారం, జూన్ 10

పొద్దున్నుంచే స్టాండ్లు నిండిపోయాయి. ఆ ఏడాది 3,25,000 మంది వచ్చారని తరవాత ప్రకటించారు, టికెట్లు నెలల ముందే అయిపోయాయి. 62 కార్లు, 186 మంది డ్రైవర్లు. బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ జెండా ఊపాడు. సరిగ్గా నాలుగు గంటలు. 62 కార్లు ఒకేసారి ముందునుంచి పోతుంటే కాళ్ళ కింద కాంక్రీటు అదరడం తెలిసింది, మా వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, ఇద్దరం ఏదో అరిచాం, ఏం అరిచామో మాకే వినపడలేదు.

మొదటి రౌండ్లోనే బుయెమి రెండు ఫెరారీలనూ దాటేశాడు! పెద్ద తెర మీద టొయోటా ముందు కనిపించగానే నేను కుర్చీ ఎక్కేశాను. అదే రౌండ్లో ఒక కాడిలాక్ యునొడియేర్ మీద జారి రెయిలింగుకు కొట్టుకుంది, వెంటనే సేఫ్టీ కారు, అంటే ప్రమాదం జరిగినప్పుడు అందరి ముందూ నెమ్మదిగా నడిచే కారు. ఆ ఏడాది సేఫ్టీ కారు పద్ధతి మార్చారు, అందర్నీ ఒక్క వరసలో చేర్చి, తరగతులవారీగా సర్ది అప్పుడు వదులుతారు. పోటీ దగ్గరవుతుంది, నిజమే, కానీ 13 కిలోమీటర్ల ట్రాక్ మీద ఈ తతంగం అంతా అయ్యేసరికి చాలాసేపు పడుతుంది, జనం విసుక్కున్నారు.

సాయంత్రం ఆరు కాకముందే వాన మొదలైంది. ఇక్కడి వానే వేరు. మేం కూర్చున్న చోట ఎండ, రేడియోలో వింటే అవతలి కొసన కుండపోత. పొడి రోడ్డు టైర్లతో వేగంగా పోతున్న కార్లు ఒక్కసారిగా నీళ్ళలోకి దిగి, బ్రేకు వేసినా ఆగక, ఒకదాని వెనక ఒకటి జారిపోతున్నాయి. తెర మీద చూస్తున్నవాళ్ళం అందరం ఒకేసారి "అయ్యయ్యో" అన్నాం, ఏ భాషవాడికి ఆ భాషలో. ఆ గందరగోళంలో జోటా పోర్షే ముందుకొచ్చింది, ప్రైవేటు టీము, ఫ్యాక్టరీ కార్లన్నిటి ముందూ! కానీ ఎక్కువసేపు నిలవలేదు, పోర్షే కర్వ్స్ అనే మలుపుల దగ్గర డ్రైవర్ యిఫెయ్ యె చేతిలో కారు జారి గోడకి తగిలింది. ఇంకాసేపటికి పెజో ముందుకొచ్చింది. వెనక వింగ్ లేకుండా వింతగా ఉండే ఆ కారు ముందుకు రాగానే సొంత దేశం జనం ఎలా లేచారో చెప్పలేను, ఫ్రాన్స్ జెండాలు అప్పటిదాకా ఎక్కడ దాచుకున్నారో.

చీకటి పడేసరికి పది దాటింది. బస్సెక్కి ఆర్నాజ్ మలుపుకు వెళ్ళాం. ట్రాక్‌కు అంత దగ్గరగా నిలబడే చోట్లు ఎక్కువ లేవు. ముందు ఇండియానాపోలిస్ అనే మలుపు వైపు చెట్ల మధ్య దీపాలు, తరవాత శబ్దం, ఆ తరవాత కారు. బ్రేకు వేసిన క్షణంలో నాలుగు చక్రాల్లోంచి డిస్కులు కమ్మరి కొలిమిలో కడ్డీలా ఎర్రగా కాలడం కనిపిస్తుంది, మలుపు తిరిగేలోపే నల్లబడతాయి. కాలిన రబ్బరు వాసన, బ్రేకుల వాసన, పక్కన ఎవరో కాలుస్తున్న మాంసం వాసన అన్నీ కలిసిపోయాయి. హైపర్‌కార్ ఒకటి వచ్చి, ఎదురుగా ఇద్దరు జీటీలు పక్కపక్కనే పోతుంటే, ఒక్క క్షణం ఆగి, వాళ్ళిద్దరి లోపలి పక్కన సందు చూసుకుని దూరిపోయింది. అంత చీకట్లో, అద్దంలో వచ్చే ఆ వెలుగును బట్టి వెనక ఉన్నది ఎవరో, ఎటు వస్తాడో జీటీలో ఉన్న మనిషి లెక్కేసుకోవాలి. జీటీల్లో ప్రతి కారులోనూ వృత్తి డ్రైవర్ కాని అమెచ్యూర్ ఉండి తీరాలి. టీవీ వాళ్ళు ఎప్పుడూ ముందున్న కార్లనే చూపిస్తారు, రాత్రిపూట నాకు మాత్రం ఆ వెనకవాళ్ళ మీదే కళ్ళు పోయాయి.

తిరిగి మెయిన్ స్టాండ్ దగ్గరికొచ్చేసరికి అర్ధరాత్రి. నేను ఏడో నంబరు కోసం చూస్తున్నాను. రౌండుకు మూడున్నర నిమిషాలు, ఆ లెక్కన రావాల్సిన టైముకు రాలేదు. పిట్‌లోకి వెళ్ళిందేమో అనుకున్నాను, గ్యారేజీ ముందు ఎవరూ కదలడం లేదు. అప్పుడు రేడియోలో చెప్పారు. టెర్త్ రూజ్ దగ్గర వేగం తగ్గించమని సిగ్నల్ వస్తే కొబయాషి తగ్గించాడు, వెనకొస్తున్నవాళ్ళు ఆగలేక వచ్చి గుద్దారు. కారును గ్యారేజీ దాకా తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా వల్ల కాలేదు. రూలు ప్రకారం నడిపినవాడి రేసు అక్కడితో అయిపోయింది. డ్రైవరే కాకుండా టీమును నడిపించే ప్రిన్సిపల్ కూడా అప్పుడు కొబయాషే, అంటే కారు దిగి నడిచొచ్చి, మిగిలిన ఎనిమిదో నంబరు కోసం మళ్ళీ హెడ్‌సెట్ పెట్టుకోవాల్సింది అతనే. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. మా వాడు టీ తెచ్చి చేతిలో పెట్టి, "ఇంకోటి ఉంది కదన్నా" అన్నాడు.

ఆదివారం, జూన్ 11

స్టాండ్‌లోనే కునుకు తీసి ఆరింటికి లేచాం. రాత్రి పెజో 94 గోడకి కొట్టుకుని వెనకబడింది. పోల్ కొట్టిన 50వ నంబరు ఫెరారీ రేడియేటర్‌కు రాయి తగిలి చాలా ల్యాపులు, అంటే రౌండ్లు, పోగొట్టుకుంది. మిగిలింది రెండే రెండు: పియర్ గైడి, కలాడో, జోవినాజ్జిల 51వ నంబరు ఫెరారీ, బుయెమి, హార్ట్‌లీ, హిరకావాల ఎనిమిదో నంబరు టొయోటా. రాత్రంతా నడిచిన కార్ల మీద నల్లటి మడ్డి, పురుగుల మరకలు, నంబర్లు కూడా సరిగ్గా కనపడటం లేదు.

పొద్దున్నంతా ఆ రెండిటి మధ్య ముందు వెనకలు మారుతూనే ఉన్నాయి. పిట్‌లో ఆపిన ఫెరారీ ఒకసారి వెంటనే కదలక, మొత్తం ఆపి మళ్ళీ ఆన్ చేసుకోవాల్సి వచ్చింది. ఇరవై గంటల తరవాత కూడా తేడా సెకన్లలోనే! ఇటలీ కుర్రాళ్ళు మా ముందు వరసలోకి వచ్చి కూర్చున్నారు, వాళ్ళు పాడటం మానేశారు, అంత టెన్షన్.

ఇంకో రెండు గంటలు కూడా లేదనగా హిరకావా ఎక్కాడు. టీములో చిన్నవాడు, ముందున్న ఫెరారీని పట్టుకోవాలి, ఉన్నదంతా పెట్టి నడపమన్నారు. ఆర్నాజ్ దగ్గర బ్రేకు వేయగానే చక్రాలు లాకైపోయి కారు జారింది, ముందూ వెనకా రెయిలింగుకు తగిలింది. రాత్రి మేం నిలబడి చూసిన మలుపే అది. కారు మళ్ళీ కదిలింది, పిట్‌కు వచ్చింది, ముక్కు, తోక రెండూ మార్చారు. మొన్న పొద్దున తాడు అవతల ప్రాక్టీస్ చేసింది వీళ్ళే కదా, చకచకా బిగించి పంపారు, అయినా కొన్ని నిమిషాలు పోయాయి. హిరకావాను ఎవరూ ఏమీ అనకూడదు. నెమ్మదిగా పోయి రెండోస్థానం తెచ్చుకోవచ్చు, గెలవాలని నడిపాడు, నా లెక్కలో అదే సరైన పని.

అయినా అయిపోలేదు. ఇంకో అరగంట కూడా లేదనగా ఫెరారీ చివరిసారి పెట్రోలుకు వచ్చింది. పోశారు. సిగ్నల్ ఇచ్చారు. కారు కదలదు! మళ్ళీ ఆపి, మళ్ళీ ఆన్ చేసి... మా ముందున్న కుర్రాడు రెండు చేతులతో తల పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. నాకు 2016 గుర్తొచ్చింది. నా కారు గెలవాలంటే ఆ కారు ఆగిపోవాలి, ఆ కుర్రాణ్ణి చూస్తూ అది కోరుకోవడం నా వల్ల కాలేదు. ఎట్టకేలకు కదిలింది. వాడు లేచి నన్ను కావిలించుకున్నాడు, నా టోపీ మీద టొయోటా అని రాసి ఉన్నా సరే.

నాలుగింటికి పియర్ గైడి గీత దాటాడు. 342 ల్యాపులు, లెక్కేస్తే 4,660 కిలోమీటర్లు. టొయోటా 1 నిమిషం 21 సెకన్లు వెనక, మూడో చోట కాడిలాక్. ఫెరారీ ఇక్కడ గెలవడం 1965 తరవాత ఇదే మొదటిసారి, మొత్తం మీద పదోసారి. గేట్లు తీయగానే జనమంతా ట్రాక్ మీదికి పరుగెత్తారు, మేమూ వెళ్ళాం. కింద ట్రాక్ మీద టైర్ల నుంచి ఊడిన రబ్బరు ఉండలు చెప్పులకు అంటుకుంటున్నాయి. మా వాడు ఒకటి జేబులో వేసుకున్నాడు.

పోడియం మీద నన్ను ఎక్కువ కదిలించింది ఎల్ఎంపీ2 గెలిచిన ఇంటర్ యూరోపోల్ వాళ్ళు. పోలండ్ నుంచి వచ్చిన చిన్న టీము. వాళ్ళలో ఫాబియో షెరర్ పాదం మీద నుంచి పిట్ లేన్‌లో ఒక కార్వెట్ ఎక్కి పోయింది, ఎముక విరిగింది, ఆ కాలితోనే నడిపి గెలిచాడు. జీటీల్లో కార్వెట్ 33 మొదట్లోనే సస్పెన్షన్ బాగోలేక రెండు ల్యాపులు పోగొట్టుకుని అవి మొత్తం తిరిగి రాబట్టుకుని గెలిచింది. కామరో కూడా చివరిదాకా నిలిచింది, అది గీత దాటుతుంటే అందరూ లేచి నిలబడ్డారు.

సోమవారం, జూన్ 12

టెంట్ మడిచి, పక్క టెంట్ పెద్దాయనకు రేడియో తిరిగి ఇవ్వబోతే వచ్చే ఏడాదికి ఉంచుకోమన్నాడు. సర్క్యూట్ దగ్గరి నుంచి స్టేషన్‌కు ట్రామ్‌లో నిలబడటానికి కూడా చోటు లేదు. మా వాడు రైల్లో పడుకోకుండా తరవాతి రేసులు ఎక్కడెక్కడో ఫోన్లో చూస్తూ కూర్చున్నాడు.

ఆ తరవాతి రేసులు టీవీలోనే చూశాను. జులైలో ఫెరారీ సొంత గడ్డ మోంజాలో ఏడో నంబరు టొయోటా గెలిచింది, సెప్టెంబర్లో టొయోటా సొంత గడ్డ ఫ్యూజీలోనూ అదే కారు. నవంబర్ 4న బహ్రెయిన్లో ఎనిమిదో నంబరు గెలిచి ఛాంపియన్‌షిప్ తీసుకుంది, హిరకావా మళ్ళీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ఆర్నాజ్ తరవాత అతనికి అది దక్కడం నాకెంతో సంతోషం. అదే రోజు జీటీల్లో సారా బోవీ, మిషెల్ గాటింగ్, రాహెల్ ఫ్రే, ముగ్గురూ ఆడవాళ్ళే నడిపిన గులాబీ రంగు పోర్షే గెలిచింది, ఈ ఛాంపియన్‌షిప్ చరిత్రలో ఆడవాళ్ళ జట్టు గెలవడం అదే మొదటిసారి.

మన ఊళ్ళ నుంచి వెళ్ళాలనుకునేవాళ్ళకు బహ్రెయిన్ చాలా సులువు. హైదరాబాద్ నుంచి దూరం తక్కువ, అక్కడ మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, సఖీర్ సర్క్యూట్ చిన్నది కాబట్టి ఒక్క చోట కూర్చుంటే చాలా ట్రాక్ కనిపిస్తుంది, రేసు మధ్యాహ్నం మొదలై రాత్రికి ముగుస్తుంది. లే మాన్స్‌కే వెళ్ళాలంటే టికెట్, టెంట్ చోటు రెండూ అమ్మకం మొదలైన రోజుల్లోనే కొనండి, చెవులకు ప్లగ్గులు, వాన కోటు, ఎఫ్ఎం రేడియో తీసుకెళ్ళండి, రాత్రి పదకొండింటికి మాత్రం ఎక్కడున్నా బస్సెక్కి ఆర్నాజ్ చేరుకోండి.